పూత రాలుతున్న చెర్రీ టమాటాకు ఇంకా ఏ ఎరువు వెయ్యాలి?

మీరు రాసిన వివరాలు రెండుసార్లు చదివాను. మొక్క వయసు, కుండీ కొలత, వేసిన ఎరువులు అన్నీ ఇలా రాసి అడిగితే జవాబు చెప్పడం తేలిక. 20 లీటర్ల కుండీలు నాలుగు, వాటిలో రెండు సన్‌గోల్డ్ రకం, రెండు బ్లాక్ చెర్రీ రకం. 6 లీటర్ల చిన్న కుండీలో టైనీ టిమ్ అనే పొట్టి రకం ఒకటి. నారు నాటి 10 వారాలైంది. చిన్న మొక్కకు ఎరువు పెద్దగా వెయ్యలేదు, అది చక్కగా కాస్తోంది. పెద్దవి నాలుగూ మనిషి ఎత్తు పెరిగాయి, ఆకు ముదురు పచ్చగా గుబురుగా ఉంది, పూత వచ్చింది వచ్చినట్టే రాలిపోతోంది. వాటికి వారానికి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, నాలుగు రోజులకోసారి ఆవచెక్క నానబెట్టిన నీళ్లు, మధ్యమధ్యలో పేడ నీళ్లు, అరటి తొక్కల నీళ్లు పోస్తున్నారు. ఇంకా ఏ ఎరువు వేస్తే కాయ నిలుస్తుంది, ఈ కాయల విత్తనాలే దాచుకోవచ్చా అని అడిగారు.

మొదటి ప్రశ్నకు నా జవాబు: ఏదీ వెయ్యకండి. మూడు వారాలపాటు మామూలు నీళ్లు తప్ప ఇంకేమీ పోయకండి. మీ మొక్కలు తిండి చాలక కాదు, ఎక్కువై కాయడం లేదు. మీ చిన్న కుండీయే దానికి సాక్ష్యం. అదే ఎండ, అదే గాలి, మీరు పట్టించుకోని మొక్క కాస్తోంది.

నా మాట నిజమో కాదో మీరే చూసుకోండి. చిగురు కొస నుంచి 15 సెంటీమీటర్లు కిందికి వచ్చి కాండాన్ని పట్టుకోండి. అక్కడ పెన్సిలంతో, అంతకు కాస్త ఎక్కువో లావుంటే మొక్క సరిగ్గా ఉన్నట్టు. బొటనవేలంత లావుంటే నత్రజని ఎక్కువైనట్టే. చిగురాకులు గోళ్లలా కిందికి వంగి లోపలికి చుట్టుకుంటున్నాయేమో చూడండి. కొన్ని పూల గుత్తుల చివర పువ్వుకు బదులు చిన్న ఆకు మొలుస్తుంది, అదీ ఇదే గుర్తు. దీన్ని ఆకుముడత తెగులుతో కలిపేసుకోకండి. తెల్లదోమ మోసుకొచ్చే ఆ వైరస్ తగిలితే ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, పైకి ముడుచుకుంటాయి, మొక్క గిడసబారిపోతుంది. మీ మొక్కలు దానికి పూర్తిగా ఎదురు, ఆగకుండా పెరుగుతున్నాయి.

రాలిన పువ్వు ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది, పువ్వు ఎప్పుడూ అక్కడే తెగుతుంది. మొక్క మీద ఉన్న పూలలో ఏవి రాలబోతున్నాయో కూడా ఆ కణుపే చెబుతుంది. పువ్వు ఇంకా తాజాగా కనిపిస్తున్నా కణుపు దగ్గర పసుపు తిరిగిందంటే అది రేపో ఎల్లుండో రాలుతుంది. ఎరువు ఆపాక మీరు రోజూ చూడాల్సింది ఈ కణుపునే. అది పచ్చగా నిలిచి, వాడిన పూరేకుల వెనక ఆవగింజంత పిందె కనిపిస్తే దారిలో పడ్డట్టు.

ఎండ వేడి వల్ల కూడా పూత రాలుతుంది, ఆ మాట దాటేయను. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 దాటి వెచ్చగా ఉన్నా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. అలాంటి రోజుల్లో ఏ ఎరువూ కాయను నిలపలేదు, మధ్యాహ్నం పూట నీడ కల్పించి రోజులు మారే దాకా మొక్కను బతికించుకోవడమే. ఇంకొకటి గాలి. టమాటా పువ్వు తనలో తనే ఫలదీకరణ చెందుతుంది, కానీ పుప్పొడి రాలాలంటే పువ్వు కదలాలి. తుమ్మెదలు పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో జుమ్మని కంపింపజేస్తే పుప్పొడి రాలుతుంది, తేనెటీగలకు ఆ విద్య రాదు. మీ కుండీలు గోడ వారగా గాలి తగలని చోట ఉంటే ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య పూల గుత్తి వెనక వేలితో రెండుసార్లు మీటండి. ఖర్చు లేని పని, బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. సేంద్రియ ఎరువును మొక్క నేరుగా తినదు. ఆవచెక్కలో, వేపపిండిలో నత్రజని మాంసకృత్తుల రూపంలో ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మార్చాక వేళ్లకు అందుతుంది. మట్టి వెచ్చగా, తడిగా ఉంటే దీనికి రెండు మూడు వారాలు, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. అంటే ఇవాళ వేసిన గుప్పెడు పిండి ఇవాళ్టి ఆకలికి కాదు, వచ్చే నెల ఆకలికి. చాలామంది నాలుగు రోజులు చూసి, తేడా కనపడక మళ్లీ వేస్తారు. మళ్లీ చూసి ఇంకోటి వేస్తారు. చివరికి అన్నీ కలిసి ఒకేసారి కరిగి వస్తాయి, సరిగ్గా పూత సమయానికి. సేంద్రియమే కదా, ఎంత వేసినా ఏం కాదులే అన్న ధైర్యం వల్ల పాడైన కుండీలు నేను చాలా చూశాను. వేళ్ల దగ్గరికి చేరేటప్పటికి అది కూడా నైట్రేటే. మొక్కకు తేడా తెలియదు.

ఒకప్పుడు నేనూ ఇదే పొరపాటు చేశాను. వేరుశనగ చెక్క వారం నానబెట్టి, ఆ చిక్కటి నీళ్లు పలుచన చెయ్యకుండా పన్నెండు చెర్రీ మొక్కలకు పోశాను. మూడో రోజుకు ఎండ లేకపోయినా ఆకులు వేలాడిపోయాయి. నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోశాను. ఒక మొక్కను పీకి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగులో ఉన్నాయి. ఒక వేరును రెండు వేళ్లతో పట్టుకుని లాగితే పై పొర ఊడి చేతికొచ్చింది, లోపలి సన్నటి దారం మాత్రం మిగిలింది. మట్టి మురుగు కంపు కొట్టింది. చిక్కటి ద్రవం పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి వేళ్ల చుట్టూ ఉన్న ఆక్సిజన్ అంతా లాగేశాయి, పైగా అమ్మోనియా, ఉప్పు సాంద్రత. పన్నెండులో తొమ్మిది పోయాయి. అప్పటి నుంచి ఏ చెక్క నీళ్లయినా పలుచటి టీ రంగులోకి వచ్చే దాకా నీళ్లు కలపందే వాడను.

చెర్రీ టమాటాకు మామూలు పెద్ద టమాటా కన్నా తిండి తక్కువ చాలు అనేది కూడా మనసులో పెట్టుకోండి. ఇది అడవి టమాటాకు దగ్గరి చుట్టం. పెరూ, ఈక్వడార్ తీర ప్రాంతాల్లో పుట్టిన సొలానమ్ పింపినెల్లిఫోలియమ్ అనే అడవి జాతి కాయలు బఠాణీ గింజంతే ఉంటాయి, ఎవరూ ఎరువు వెయ్యకపోయినా కాస్తాయి. ఆ అడవి జాతికీ పెద్ద కాయల టమాటాకూ మధ్య మెట్టు చెర్రీ. ఆ ఓర్పు దీనిలో ఇంకా ఉంది. తీపి కూడా అందుకే కాస్త బిగించి పెంచినప్పుడే వస్తుంది. మామూలు టమాటాలో 4, 5 బ్రిక్స్ (రసంలో చక్కెరను కొలిచే అంకె) ఉండే తీపి మంచి చెర్రీ రకంలో 8 దాటుతుంది. కానీ నత్రజనీ నీళ్లూ ఎక్కువైతే సన్‌గోల్డ్ కాయ కూడా చప్పగా ఉంటుంది.

మీరు వాడిన వాటి గురించి ఒక్కొక్కటిగా చెబుతాను.

వర్మీకంపోస్టు మంచిదే, కానీ అది అడుగున కలపాల్సిన వస్తువు. కుండీ నింపేటప్పుడు మొత్తం మిశ్రమంలో ఐదో వంతు కలిపితే సరిపోతుంది. మూడో వంతు దాటితే లవణాలు పెరిగి, మిశ్రమం బిగుసుకుని వేళ్లకు గాలి ఆడదు. తర్వాత నెలకోసారి ఒక గుప్పెడు పైపైన చల్లి కొంచెం మట్టి కప్పండి. మీరు పది వారాల్లో ఇరవై గుప్పెళ్లు వేశారు.

ఆవచెక్కలో దాదాపు 5 శాతం నత్రజని ఉంటుంది, భాస్వరం 2 శాతం లోపు, పొటాష్ ఒక శాతం చుట్టూ. అంటే ఇది ప్రధానంగా ఆకును పెంచే ఎరువు. నారు నాటిన రెండో వారం నుంచి తొలి గుత్తి కనపడే దాకా దీని కాలం. 100 గ్రాముల చెక్క లీటరు నీళ్లలో నాలుగు రోజులు నానబెట్టి, ఆ తేటకు పది రెట్లు నీళ్లు కలిపి, మొక్కకు ఒక లీటరు, అదీ పదిహేను రోజులకోసారి. పొడి మట్టి మీద ఎప్పుడూ పోయకండి, ముందు మామూలు నీళ్లతో తడపాలి. పూత మొదలయ్యాక దీన్ని పక్కన పెట్టెయ్యాలి. మీ దగ్గర జరిగిన నష్టంలో సగం దీనివల్లే అని నా అంచనా.

వేపపిండి మీరు వాడలేదు, వచ్చే పంటకు మాత్రం తప్పకుండా వాడండి. నాకు అన్నింటిలోకీ ఇష్టమైనది ఇదే. నత్రజని ఆవచెక్కకు దగ్గర్లోనే ఉన్నా, నైట్రేట్‌గా మారే వేగాన్ని వేపలోని పదార్థాలు తగ్గిస్తాయి, కాబట్టి మెల్లగా, చాలాకాలం అందుతుంది. వేళ్లకు బొడిపెలు తెచ్చే నులిపురుగులను కూడా కొంత అదుపు చేస్తుంది. 20 లీటర్ల కుండీకి రెండు గుప్పెళ్లు, నాటడానికి రెండు వారాల ముందే మట్టిలో కలిపి తడి చేసి ఉంచాలి. కలిపిన రోజే నాటితే లేత వేళ్లు దెబ్బతింటాయి.

పశువుల ఎరువు పూర్తిగా చివికి, వాసన పోయి, చేత్తో పట్టుకుంటే వాన పడ్డ మట్టిలా ఉండాలి. పచ్చి పేడ నీళ్లు కాయ తినే మొక్కలకు పూత దశలో పొయ్యడం నేను ఒప్పుకోను. మనిషికి జబ్బు చేసే బాక్టీరియా అందులో ఉంటుంది, చెర్రీ కాయ కోసిన చోటే నోట్లో వేసుకునే పండు. పచ్చి పేడ వెయ్యాలనుకుంటే పంట కోతకు నాలుగు నెలల ముందు మట్టిలో కలపాలి. కోడి ఎరువు ఇంకా ఘాటు, చివకనిది దగ్గరికే రానివ్వకండి.

పేడ గురించి ఒక హెచ్చరిక, ఎందుకంటే దీన్ని చాలామంది వైరస్ అనుకుని మొక్కలు పీకేస్తున్నారు. పచ్చిక బయళ్లలో కలుపు మీద కొట్టే అమైనోపైరలిడ్, క్లోపైరలిడ్ లాంటి మందులు గడ్డి తిన్న పశువు కడుపులో విరగవు. పేడలోకి వచ్చి, కంపోస్టు చేశాక కూడా చాలా నెలలు ఉంటాయి. టమాటాకు అవి అతి కొద్దిగా తగిలినా చిగురాకులు సన్నటి పీలికల్లా మెలితిరుగుతాయి. కొత్త చోట ఎరువు తెచ్చినప్పుడు చిన్న కప్పులో మట్టితో కలిపి నాలుగు చిక్కుడు గింజలు నాటండి, పక్కన ఆ ఎరువు లేని కప్పులో మరో నాలుగు. మూడు వారాల్లో రెండూ ఒకేలా పెరిగితే నిశ్చింతగా వాడుకోవచ్చు.

అరటి తొక్కలో పొటాషియం ఉన్న మాట నిజమే. కానీ రెండు రోజులు నానబెట్టిన నీళ్లలోకి దిగేది కొంచెమే, తీపికి ఈగలు మాత్రం బాగా చేరతాయి. తొక్కలను ముక్కలు చేసి కంపోస్టు డబ్బాలో వెయ్యండి, అక్కడ వాటి విలువ పూర్తిగా దక్కుతుంది. గుడ్డు పెంకులదీ ఇదే కథ. కాయ అడుగు నల్లబడితే పెంకులు గుచ్చమని చెబుతుంటారు. పెంకు కరగడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. అసలు ఆ సమస్య మట్టిలో కాల్షియం లేక రావడం చాలా అరుదు. కాల్షియం నీటితో పాటే కాయ చివరికి చేరాలి. ఒక రోజు ఎండబెట్టి మరో రోజు ముంచేస్తే ఆ సరఫరా తెగుతుంది. చెర్రీ రకాల్లో అది తక్కువగానే కనిపిస్తుంది, కాబట్టి టెన్షన్ పడకండి.

పూత దశలో మొక్క అడిగేది పొటాష్. సేంద్రియంగా సులువుగా దొరికేది కట్టెల బూడిద. 20 లీటర్ల కుండీకి నెలకు ఒక పెద్ద చెంచా, అంతకు మించి వద్దు. బూడిద సున్నంలా పనిచేసి మట్టిని క్షార గుణం వైపు తోస్తుంది. టమాటాకు 6.0 నుంచి 6.8 మధ్య పీహెచ్ నచ్చుతుంది, మీ మట్టి ఇప్పటికే 7 దాటి ఉంటే బూడిద మానెయ్యండి. పేడతో, కోడి ఎరువుతో బూడిద కలిపి ఎప్పుడూ వెయ్యకండి, నత్రజని అమ్మోనియాగా మారి గాల్లోకి పోతుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ కాల్చిన బూడిద అసలు పనికిరాదు. ఎముకల పొడి కుండీ నింపేటప్పుడు ఒక గుప్పెడు చాలు, అది ఆమ్ల గుణం ఉన్న మట్టిలోనే కరుగుతుంది, క్షార మట్టిలో వేస్తే అలాగే ఉండిపోతుంది. సముద్రపు నాచు ద్రావణం ఇష్టమైతే వాడండి, ఎండ దెబ్బకు తట్టుకోవడానికి కొంత సాయపడుతుంది. దాన్ని భోజనంగా మాత్రం లెక్కెయ్యకండి.

మీ రకాలను బట్టి కూడా ఎరువు మారుతుంది. సన్‌గోల్డ్, బ్లాక్ చెర్రీ రెండూ ఆగకుండా పెరిగే తీగ రకాలు. స్వీట్ మిలియన్, యెల్లో పియర్ కూడా ఇంతే. వీటికి ఎక్కువకాలం, కొద్దికొద్దిగా తిండి కావాలి: తొలి గుత్తి పిందె కట్టాక పదిహేను రోజులకోసారి పలుచటి కంపోస్టు నీళ్లు, నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు. టైనీ టిమ్, మైక్రో టామ్ లాంటి పొట్టి రకాలు ఒక ఎత్తుకు వచ్చి ఆగి, కాపంతా కొద్ది వారాల్లోనే ఇచ్చేస్తాయి. వాటికి కుండీలో మొదట కలిపిందే దాదాపు చాలు. ఆకు చంకల్లో వచ్చే పిలకలు కూడా వాటిలో తుంచకూడదు, తుంచితే కాయే తగ్గుతుంది.

ఇక మీ నాలుగు మొక్కలకు రేపటి నుంచి ఏం చెయ్యాలో చెబుతాను. ముందుగా మట్టి పైన తెల్లటి పొర, కరగని ఎరువు కనిపిస్తే రెండు వేళ్ల లోతు గీకి తీసెయ్యండి. ఉదయం పూట కుండీకి పది లీటర్ల నీళ్లు, అరగంటలో కొంచెం కొంచెంగా, అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారే దాకా పొయ్యండి. నైట్రేట్ నీళ్లతో పాటు దిగిపోతుంది. మూడు రోజులాగి ఇంకోసారి ఇలాగే చెయ్యండి. అడుగున పళ్లెం ఉంటే తీసెయ్యాలి, లేకపోతే కారిన నీళ్లనే మొక్క మళ్లీ పీల్చుకుంటుంది. ఆ తర్వాత వేలు పెడితే రెండు కణుపుల లోతు ఆరినప్పుడే నీళ్లు. తీసిన ఎరువు పారెయ్యకండి, కొత్తగా నింపే కుండీల్లో సన్నగా కలుపుకోవచ్చు.

పెద్ద కొమ్మలు ఒక్కరోజే నరికెయ్యాలనిపిస్తుంది, వద్దు. నత్రజని నిండుగా ఉన్న మొక్కను గట్టిగా కత్తిరిస్తే ఇంకా ఉధృతంగా చిగురిస్తుంది. మొక్కకు రెండు మూడు ప్రధాన కొమ్మలు ఉంచి, ఆకు చంకల్లో కొత్తగా వచ్చే పిలకలను వేలెడు పొడవుండగానే తుంచుతూ పోండి. మట్టిని తాకే అడుగు ఆకులు తీసేస్తే గాలి ఆడుతుంది, మచ్చ తెగులు కూడా తగ్గుతుంది. ఇప్పటికే నిలిచిన పిందెలు ఏవైనా ఉంటే జాగ్రత్తగా కాపాడుకోండి. కాయ పెరగడం మొదలైతే చక్కెర అటు మళ్లుతుంది, ఆకు పెరుగుదల దానంతటదే నెమ్మదిస్తుంది.

రెండు వారాలు దాటాక కొత్త చిగురు కాస్త లేతరంగులోకి వస్తుంది, కాండం సన్నబడుతుంది. అది చూసి కంగారుపడి ఎరువు వెయ్యకండి, మనకు కావాల్సింది అదే. అడుగు ఆకులు మొత్తంగా లేత పసుపు తిరిగి, ఆ రంగు పైకి పాకుతుంటే అప్పుడు నత్రజని తగ్గినట్టు. అడుగు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం లోటు. పొటాష్ చాలకపోతే ఆకు అంచులు కాలినట్టు ఎండుతాయి. ఈ మూడింట్లో ఏదీ కనపడకపోతే, పై గుత్తుల్లో పిందె కట్టాక మాత్రమే బూడిద ఒక చెంచాతో మొదలుపెట్టండి.

సన్‌గోల్డ్ కాయ పగులుతుందని కూడా రేపు మీరు అడుగుతారు. దాని తోలు పలుచన, ఎండిన మట్టికి ఒక్కసారిగా నీళ్లు అందితే చీలిపోతుంది. నీళ్లు సమంగా ఇస్తూ, ఎండుటాకులు మట్టి మీద నాలుగు వేళ్ల మందాన కప్పి, నారింజ రంగు పూర్తిగా రాగానే కోసేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు.

విత్తనాల సంగతి: సన్‌గోల్డ్ జపాన్‌కు చెందిన టొకిటా సంస్థ హైబ్రిడ్. దాని గింజలు మొలుస్తాయి, కాస్తాయి, కానీ ఆ రంగూ ఆ రుచీ అలాగే వస్తాయన్న నమ్మకం లేదు, ప్రతిసారీ కొత్త విత్తనం తెచ్చుకోవడమే. బ్లాక్ చెర్రీ, టైనీ టిమ్ రెండూ సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కావు, గింజ వేస్తే తల్లి మొక్క లాంటిదే వస్తుంది. వాటి విత్తనం దాచుకోండి. మొక్క మీదే బాగా మాగిన కాయలు పిండి, ఆ గుజ్జును కొంచెం నీళ్లతో గాజు గ్లాసులో రెండు మూడు రోజులు ఉంచండి. గింజ చుట్టూ ఉన్న జిగురు పొర పులిసి కరిగిపోతుంది, మంచి గింజలు అడుగుకు దిగుతాయి. పైన తేలినవి వంపేసి, కడిగి, పళ్లెంలో నీడన ఆరబెట్టి, కాగితం పొట్లంలో రకం పేరూ తేదీ రాసి పెట్టుకోండి. కాగితం మీద ఆరబెడితే అతుక్కుపోతాయి, పింగాణీ పళ్లెం మంచిది.